జాబితాలో పేరు ఎక్కాక ఏం చేస్తున్నాం?

2018-19 విద్యా సంవత్సరానికి విశాఖపట్నం జిల్లాలో ఒక జాబితా తయారైంది. జిల్లాలోని ప్రభుత్వ బడుల్లో చదువుతున్నవాళ్లలో బడి మానేసే ప్రమాదం ఉన్న పిల్లలు సుమారు 19,500 మంది అని అందులో తేలింది. రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ సంస్థతో కలిసి పెట్టిన కంప్యూటర్ వ్యవస్థ ఇచ్చిన లెక్క అది. బడిలో గదులెన్ని, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, టీచర్లు ఎంతమంది అని చెప్పే యూడైస్ వివరాలు, పిల్లల పరీక్ష మార్కులు, కుటుంబాల ఆర్థిక, సామాజిక పరిస్థితులు అన్నీ ఒకచోటికి చేర్చారు. వెనకటి ఏళ్లలో మానేసిన పిల్లల విషయంలో ఇవి ఎలా ఉన్నాయో చూసి, ఇప్పుడు చదువుతున్నవాళ్లలో ఎవరు అదే దారిలో ఉన్నారో ఆ వ్యవస్థ గుర్తుపట్టింది.

కారణాలు కూడా కొన్ని బయటపడ్డాయి. మరుగుదొడ్లు సరిగా లేనిచోట ఆడపిల్లలు ఎక్కువగా మానేస్తున్నారు. ఇంగ్లీషులో, లెక్కల్లో మార్కులు రాని పిల్లలకు చదువు మీదే నమ్మకం పోతోంది. ఇంటి పరిస్థితి, టీచరు నైపుణ్యం కూడా లెక్కలోకి వస్తున్నాయి.

ఇవేవీ మా స్టాఫ్‌రూమ్‌కి కొత్త సంగతులు కావు. అయినా ఆ ప్రయత్నాన్ని తేలిగ్గా తీసేయడానికి నాకు మనసొప్పదు. నా తరగతిలో నలభై మంది నాకు తెలుసు. జిల్లా విద్యాశాఖాధికారికి ఆ నలభై మంది తెలియరు. ఏ బడికి ముందు మరుగుదొడ్లు కట్టాలో, ఎక్కడికి లెక్కల టీచర్ని పంపాలో నిర్ణయించేది అక్కడ కూర్చున్నవాళ్లు. వాళ్ల బల్ల మీదికి పిల్లల పేర్లు రావడం మంచిదే. నేను అడిగేది ఆ తర్వాతి మాట. పేరు దొరికిన మర్నాడు పొద్దున్న ఆ పిల్లవాడి పక్కన ఎవరు కూర్చుంటారు? ఏ పీరియడ్‌లో కూర్చుంటారు? దీనికి జవాబు ఉన్న బడిలో పిల్లలు నిలబడుతున్నారు. జవాబు లేని బడిలో ఎంత మంచి జాబితా ఉన్నా జారిపోతున్నారు.

నేను విశాఖ నగరపాలక సంస్థ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా బడికి హార్బర్ వైపు నుంచి పిల్లలు వస్తారు. బోట్ల మీద కలాసీలుగా వెళ్లేవాళ్ల పిల్లలు, తెల్లవారకముందే హార్బర్‌కి వెళ్లి చేపలు కొని గంపలెత్తే తల్లుల పిల్లలు, పోర్టు లారీల మీద క్లీనర్లుగా తిరిగేవాళ్ల పిల్లలు. ఈ మధ్య అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్ పనికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ బాగా పెరిగారు. అంతకుముందు గాజువాక వైపు పనిచేశాను. అక్కడ ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసేవాళ్ల పిల్లలు ఎక్కువ. తండ్రి కాంట్రాక్టు ఆగిపోయిందంటే ఆ సంగతి ముందు తెలిసేది మా హాజరుపట్టీకే.

పిల్లలు వెనకబడుతున్నారని చెప్పే మొదటి గుర్తు హాజరే. మార్కులకంటే అదే ముందు చెబుతుంది. బడి ఏడాదికి సుమారు 220 రోజులు నడుస్తుందనుకుంటే, అందులో పదో వంతు, అంటే 22 రోజులు పోయాయంటే ప్రమాదమేనని కొన్ని దేశాల్లో లెక్కగా పెట్టుకున్నారు. నెలకు రెండు రోజులు, అంతే. ఏ తల్లినైనా అడగండి, 'నెలకు రెండు రోజులేగా' అంటుంది. లెక్కల్లో ఆ రెండు రోజులకు ఒక భావన పోతుంది. భిన్నాల హారాలు వేరుగా ఉన్నప్పుడు ఎలా కూడాలో చెప్పిన రోజు రానివాడికి, ఏడో తరగతిలో సమీకరణాలు చెబుతున్నప్పుడు నేను ఏ భాష మాట్లాడుతున్నానో అర్థం కాదు.

హాజరుపట్టీలో 'ఎన్ని రోజులు రాలేదు' ఒక్కటే చూస్తే చాలదు. ఏ రోజులు రాలేదో చూడాలి. ప్రతి సోమవారం రానివాడు ఆదివారం ఎక్కడికో పనికి వెళ్లి అలసిపోతున్నాడు. మధ్యాహ్న భోజనం దాకా ఉండి తర్వాత కనిపించని అమ్మాయి ఇంట్లో చంటిబిడ్డ ఉంది. నెలలో నాలుగైదు రోజులు వరసగా రాని ఎనిమిదో తరగతి అమ్మాయి విషయంలో అడగాల్సింది ఆ అమ్మాయిని కాదు, మన మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా అని ఆయాని.

మా ప్రాంతానికి ఇంకో క్యాలెండరు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. బడి వేసవి సెలవులు ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉంటాయి. బడి తెరిచేది సాధారణంగా జూన్ 12న. రెండు మూడు రోజులు తిరక్కుండానే బోట్లు బయల్దేరతాయి. రెండు నెలలు ఇంట్లో డబ్బు లేక, అప్పు మీద అప్పు చేసిన కుటుంబానికి ఆ మొదటి వేట ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. తొమ్మిది, పది తరగతుల మగపిల్లల్ని సహాయానికి తీసుకెళ్లే ఆశ పుట్టేది అప్పుడే. మొదటిసారి వెళ్లినవాడి చేతికి కొంత డబ్బు వస్తుంది. రెండోసారి వెళ్తాడు. ఆగస్టుకల్లా వాడి పేరు పట్టీలో ఉంటుంది, వాడు ఉండడు. అందుకే మా బడిలో జూన్ రెండో పక్షమంతా టీచర్లం వీధుల్లోకి వెళ్తాం. జూలైలో వెళ్తే ఆలస్యమైపోతుంది. ఇది ఏ కంప్యూటరూ చెప్పక్కర్లేదు, ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

హాజరు సరిగ్గా ఉన్నా వెనకబడే పిల్లలున్నారు. వాళ్లని పట్టుకోవడం ఇంకా కష్టం. రోజూ వస్తారు, అల్లరి చెయ్యరు, నోట్సు నింపుతారు. కిందటేడు ఆరో తరగతిలో చేరిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వాడి దస్తూరి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. బోర్డు మీద రాసింది ఒక్క పొల్లు పోకుండా ఎక్కిస్తాడు. లెక్కల నోట్సు తరగతిలో అందరికంటే శుభ్రంగా ఉండేది. ఒక రోజు మధ్యాహ్న భోజనం తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, రెండో తరగతి స్థాయి తెలుగు పేరా ఒకటి చేతికిచ్చి చదవమన్నాను. 'గుడి', 'పడవ', 'కోడి' చకచకా చదివాడు. 'పుస్తకం' దగ్గర ఆగాడు. 'పుస...పుసకం' అన్నాడు. 'అమ్మమ్మ' అని ఉన్నచోట బొమ్మ చూసి 'ముసలామె' అన్నాడు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా వాడికి దారి మూసుకుపోతోంది. అక్షరాలు వచ్చు, గుణింతాలు సగం వచ్చు, ఒత్తులు అసలు రావు. తెలుగులో ఒత్తు లేని వాక్యాలు ఎన్ని ఉంటాయి? ఇన్నాళ్లూ వాడు చేసింది చదవడం కాదు, చూచిరాత.

అలాంటివాడికి లెక్కల్లో మార్కులు రాకపోతే లెక్కలు రావనే అనుకుంటాం. నేను ప్రశ్న చదివి వినిపిస్తే నోటితో సరైన జవాబు చెప్పేవాడు. చేపల ధరలు, చిల్లర లెక్కలు వాడికి నాకంటే త్వరగా తడతాయి. పరీక్షలో సున్నా రావడానికి కారణం ప్రశ్న చదవలేకపోవడం.

తీసివేతల్లో ఇంకోరకం చూడండి. 52 లోంచి 27 తీయమంటే కొందరు పిల్లలు 35 అని రాస్తారు. 'అజాగ్రత్త' అని ఎర్రసిరాతో కొట్టేస్తే మనకేమీ తెలియదు. అదే పేజీలో మిగతావి చూడండి. 64 లోంచి 38 తీస్తే 34, 81 లోంచి 46 తీస్తే 45. వాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీస్తున్నాడు, పైదా కిందిదా అని చూడకుండా. అంటే ఒక నియమం ప్రకారమే చేస్తున్నాడు, ఆ నియమం తప్పు. వాడికి మళ్లీ ఇరవై తీసివేతలు ఇంటిపనిగా ఇస్తే ఆ తప్పు నియమమే ఇరవైసార్లు గట్టిపడుతుంది. పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, 'ఇందులోంచి ఏడు విడి పుల్లలు నాకివ్వు' అంటే వాడే ఒక కట్ట విప్పుతాడు. కట్ట విప్పిన పిల్లవాడికి 'పది అప్పు తెచ్చుకోవడం' అంటే ఏమిటో మళ్లీ చెప్పనక్కర్లేదు. నైదానిక పరీక్ష, సవరణాత్మక బోధన అని డీఎడ్‌లో పాఠాలుగా చదివినవి చేతల్లో ఇంతే. తప్పు ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం, అక్కడికి దిగి మొదలుపెట్టడం.

చదువు స్థాయి తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' సర్వేల్లో వాడుతున్నది ఒక్క కాగితం. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు ఎక్కడ ఆగితే అదే వాడి స్థాయి. కొన్ని నిమిషాల పని. ఆ సర్వే లెక్క ప్రకారం మన రాష్ట్రంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో నూటికి సుమారు 23 మంది ఉంటే, కరోనా తర్వాత 2022లో సుమారు పదిమందికి పడిపోయారు. అంటే ఆ ఏడాది మూడో తరగతి గదిలో ముప్పైమంది ఉంటే, టీచరు చెబుతున్న పాఠాన్ని పుస్తకంలో తమంతట తాము చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు ముగ్గురు. మిగతా ఇరవై ఏడుమందీ రోజూ బడికి వచ్చి కూర్చున్నారు.

పరీక్ష పెట్టి, ఎవరికి ఏమి రాదో టీచరుకు రాసిస్తే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటాడు అని చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని మన రాష్ట్రంలోనే పరీక్షించి చూశారు. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు వంద ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఏడాది మొదట్లో తెలుగు, లెక్కల పరీక్షలు పెట్టి, పిల్లల బలాలు, లోపాలు వివరంగా రాసిన నివేదికలు టీచర్లకిచ్చారు. అప్పుడప్పుడు తరగతి గదులకు వెళ్లి గమనించారు. గమనించే రోజున టీచర్లు ఇంకాస్త చురుగ్గా బోధించారు. ఏడాది చివర చూస్తే, నివేదికలు అందని బడుల పిల్లల కంటే ఈ పిల్లలు ఏమీ ఎక్కువ నేర్చుకోలేదు. జ్వరం ఎంతుందో చెప్పే థర్మామీటరు జ్వరాన్ని తగ్గించదు కదా. మంచి ఫలితాలకు టీచర్లకు బోనస్ ఇచ్చిన మరికొన్ని బడుల్లో మాత్రం అదే నివేదికలు ఉపయోగపడ్డాయని కూడా ఆ పరిశోధకులే గమనించారు. నివేదిక మంచిదే. దాన్ని వాడాల్సిన అవసరం, వాడే వీలు టీచరుకు కలగాలి.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 2012 నుంచి ఇలాంటి కంప్యూటర్ హెచ్చరిక వ్యవస్థ నడుస్తోంది. ఏ విద్యార్థి హైస్కూలు పూర్తి చెయ్యకపోవచ్చో అది ముందే చెబుతుంది. పదేళ్ల లెక్కలు తిరగేసిన పరిశోధకులు 2023లో చెప్పింది ఏమంటే, అంచనా బాగానే వేస్తోంది గానీ దానివల్ల చదువు పూర్తి చేసినవాళ్లు పెరిగినట్టు ఆధారం లేదని. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పారు. ఏ పిల్లవాడు ప్రమాదంలో ఉన్నాడో చెప్పడానికి ఆ పిల్లవాడి సొంత వివరాలకంటే వాడు చదివే బడి, ఊరు ఎలాంటివో తెలిస్తే చాలట. అదే దేశంలో షికాగో నగరం దారి వేరు. తొమ్మిదో తరగతిలో సరైన దారిలో ఉన్న పిల్లలు హైస్కూలు గట్టెక్కే అవకాశం మిగతావాళ్లకంటే మూడున్నర రెట్లు ఎక్కువని గమనించి, ఆ ఒక్క తరగతి టీచర్లనే ఒక బృందంగా కూర్చోబెట్టి, పిల్లల పేర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ, ఎవరితో ఎవరు మాట్లాడాలో పంచుకునే అలవాటు చేశారు. అక్కడ ఫలితం కనిపించింది.

మన దేశంలో ఫలితం కనిపించిన పద్ధతి బాలసఖి. 2001 నుంచి 2003 దాకా ముంబయిలో, వడోదరలో మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని పదిహేను, ఇరవై మందిగా రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి, ఆ పేటలోనే ఉండే చదువుకున్న అమ్మాయిల చేత చదవడం, అంకెలు, కూడికలు చెప్పించారు. అందరికంటే వెనకున్న పిల్లలే ఎక్కువగా బాగుపడ్డారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దీన్ని అధ్యయనం చేసినవాళ్లలో ఉన్నారు. గొప్ప డిగ్రీలున్నవాళ్లు వచ్చి చెప్పలేదు. పిల్లవాడు ఉన్న మెట్టు మీదికి ఒక మనిషి దిగి వచ్చింది, రోజూ వచ్చింది.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. క్లిప్, క్లాప్స్, ఎల్‌ఈపీ, త్రీఆర్స్ అని నాతోటి టీచర్లకు వరసగా పేర్లు గుర్తొస్తాయి. ప్రతి కార్యక్రమానికీ శిక్షణ, మాడ్యూలు, ప్రారంభంలో ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష. 2022లో ప్రథమ్ తోడ్పాటుతో 'టీచింగ్ ఎట్ ద రైట్ లెవెల్' మూడు నుంచి ఐదో తరగతి దాకా మొదలైంది. రోజులో కొంతసేపు తరగతితో పనిలేకుండా, పిల్లల్ని వాళ్ల స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పడం దీని పద్ధతి. నాకు ఇందులో నచ్చేది ఆ గుంపులు కదులుతూ ఉండటం. పదాల గుంపులో ఉన్నవాడు నెల తిరిగేసరికి పేరా గుంపులోకి వెళ్తాడు, ఆ సంగతి వాడికీ తెలుస్తుంది.

ఆ గుంపులకు కేటాయించిన గంట నిలబడాలి. ఇదే అసలు కష్టం. సిలబస్ పూర్తి కావాలని ఒకవైపు, భోజనం ఫొటో, యూనిఫాంల లెక్క యాప్‌లో ఎక్కించాలని మరోవైపు. ఎన్నికలు, జనగణన, శిక్షణలు వచ్చాయంటే టైంటేబుల్లో ముందు ఎగిరిపోయేది వెనకబడిన పిల్లల గంటే. ఎందుకంటే అది పోయిందని అడిగేవాళ్లు ఎవరూ లేరు. పదో తరగతి స్పెషల్ క్లాసు పోతే తల్లిదండ్రులు వచ్చి అడుగుతారు. ఐదో తరగతిలో ఒత్తులు రాని పిల్లవాడి తరఫున ఎవరొస్తారు?

పదో తరగతి మాట వచ్చింది కాబట్టి నిక్కచ్చిగా ఒక మాట చెప్పాలి. 2022లో మన రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. కరోనా కాలంలో బడి మూతపడిన పిల్లలు వాళ్లు. 2024లో 86.69 శాతానికి పెరిగి, 2025లో 81.14గా ఉంది. ఈ అంకెల చుట్టూ ప్రతి బడిలోనూ వంద రోజుల ప్రణాళికలు, ఉదయం క్లాసులు, రాత్రి స్టడీ అవర్లు నడుస్తాయి. టీచర్లు నిజంగా కష్టపడతారు. కానీ 35 మార్కులు గీత కాబట్టి, 28 వచ్చేవాణ్ణి 35కి లాగడానికి మా శక్తంతా పోతుంది. 8 వచ్చేవాడి జోలికి వెళ్లే టైము మిగలదు. వాడికి కొన్ని ప్రశ్నలు బట్టీ పట్టిస్తాం. వాడి కష్టం పదో తరగతిలో మొదలైంది కాదు. మూడో తరగతిలో ఎవరైనా ఒక్క ఏడాది రోజూ గంటసేపు కూర్చుని ఉంటే, ఈ వంద రోజుల పరుగు సగం తగ్గేది. డబ్బు, మనుషులు, పర్యవేక్షణ పదో తరగతిలో కాకుండా ముందు మూడు, నాలుగు తరగతుల్లో పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

కొందరు పిల్లలు వెనకబడటానికి కారణం చదువులో ఉండదు. 2019 అక్టోబరులో కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు తొలి విడతలో రాష్ట్రమంతా దాదాపు 66 లక్షల మంది బడిపిల్లల కళ్లు చూశారు. అద్దాలు పెట్టుకున్న మర్నాడు 'మేడం, బోర్డు మీద చుక్కలు కూడా కనిపిస్తన్నాయి' అని ఒక అమ్మాయి నాతో అన్న మాట నేను మర్చిపోను. దశాంశ బిందువు తన కళ్లకు ఆనడం లేదని ఆ పిల్లకు అంతవరకూ తెలియదు. అందుకే వెనక బెంచీలో కూర్చుని పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్లల్ని నేను ముందు కళ్ల పరీక్షకు పంపుతాను. చెవులు కూడా అంతే. ఎంత చెప్పినా అక్షరాలు తారుమారయ్యే పిల్లలుంటారు. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. మండలాల్లో ఉండే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ కేంద్రం ఉందన్న సంగతే తెలియదు.

భాష ఇంకో గోడ. పాడేరు, అరకు వైపు పిల్లలు ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. నగరంలో మాత్రం ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ బిడ్డకు అలాంటి ఏర్పాటు లేదు. వాడు ఇంట్లో ఒడియా మాట్లాడి, బడికొచ్చి తెలుగు నేర్చుకుంటూ, ఇంగ్లీషు మీడియం పుస్తకం తెరుస్తాడు. ఇప్పుడు పుస్తకాల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉండటం కొంత మేలు. ఆ పిల్లవాడు మొదటి మూడు నెలలు మాట్లాడకపోతే మందబుద్ధి అని మాత్రం ఎవరూ రాయకండి.

ఈ పేర్లు పెట్టడం గురించి నాకు చాలా బాధ. 'సి బ్యాచ్', 'డల్ పిల్లలు', 'వీడింతే' అన్న మాటలు పిల్లలు వింటారు. ఏడాది పొడవునా వేరే సెక్షన్‌లో కూర్చోబెడితే వాళ్లు ఆ గదికి తగ్గట్టే ఉంటారు. రోజుకు గంట వేరుగా కూర్చుని మళ్లీ తోటివాళ్లతో కలిస్తే ఆ మచ్చ పడదు. మార్కులు తక్కువని ఒక ప్రైవేటు బడి టీసీ చేతిలో పెట్టి పంపేసిన పిల్లవాడు మా బడికి వచ్చినప్పుడు మొదటి వారం అస్సలు తలెత్తలేదు. వాడికి ముందు చెప్పాల్సి వచ్చింది లెక్కలు కాదు, 'నువ్వు మాకు కావాలి' అని.

ఇక పిల్లల ఇళ్లకు వెళ్లడం. నేను చేసిన పనుల్లో దీనికి సాటి ఇంకోటి లేదు. బడి అయిపోయాక పెద జాలరిపేట వైపు ఒక ఇంటికి వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు వారం నుంచి రావడం లేదు. తల్లి గుమ్మం దగ్గర ఎండుచేపలు ఏరుతోంది. కుర్చీ తుడిచి వేసింది.

'కూకోండి మేడంగోరూ. ఆడు సదవటం లేదని నాకూ తెలుసండి. ఆల్ల నాన్న ఏటకెల్తే పది రోజులు రాడు. ఇంటికాడ మొగోడు ఈడే కదండీ.'

'బడికి రాకపోతే ఎలాగమ్మా? నువ్వు వాణ్ణి ఏం చేద్దామనుకుంటున్నావు?'

'నానేటి సేత్తానండి. మొన్నటిదాకా రోజూ ఎల్లేవోడు గానీ నెక్కలు అర్దం కావట్లేదంటన్నాడు. అర్దం కాని కాడ కూకోడం ఆడికి మాత్రం ఎంత సేపండి?'

మూడు పదుల ఏళ్లు కూడా నిండని ఆ తల్లి చెప్పిన మాటలో కంప్యూటరు చెప్పిన కారణమే ఉంది. అర్థం కానిచోట ఎంతసేపని కూర్చుంటాడు? పొద్దున్న గంపతో వెళ్లేటప్పుడు పిల్లవాణ్ణి లేపి బడికి పంపుతానని ఒప్పుకుంది. నేను రోజూ అరగంట వాడితో కూర్చుంటానని మాటిచ్చాను. ఆ అరగంటలు అన్నీ కుదరలేదు, కుదిరినవే వాణ్ణి పదో తరగతిలోకి తీసుకొచ్చాయి. ఎంత వాటా నాదో, ఎంత వాటా ఆ తల్లిదో నేను విడదీయలేను.

విశాఖలో చదువుకున్న మనుషులకు కరువు లేదు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, నేవీ డాక్‌యార్డు, హెచ్‌పీసీఎల్ నుంచి రిటైరై ఇళ్లలో ఉన్న ఇంజినీర్లు, ఫోర్‌మన్లు, క్లర్కులు వేలల్లో ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, చుట్టుపక్కల కాలేజీల్లో చదివే పిల్లలున్నారు. మీ వీధి చివర ఉన్న ప్రభుత్వ బడికి వెళ్లి హెడ్మాస్టర్ని కలవండి. వారానికి మూడు సాయంత్రాలు, ఐదుగురు పిల్లలు, ఒక గంట. పిల్లల్ని మీకు అప్పగించేముందు బడివాళ్లు మీ వివరాలు అడుగుతారు, అది సరైన పనే. గదిలో ఇంకో టీచరు ఉండేలా చూసుకోమని మీరే అడగండి. వెళ్లాక మానెయ్యకండి. ఒకసారి వచ్చి మాయమయ్యే పెద్దల్ని ఈ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులెన్ని, ర్యాంకెంత అని అడగకండి. 'మా వాడు ఏ తరగతి పుస్తకం తనంతట తాను చదవగలుగుతున్నాడు? ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాడు? దానికి మీరు ఎప్పుడు కూర్చుంటారు, నేను ఇంట్లో ఏం చెయ్యాలి?' అని అడగండి. జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. టీచరుగా చెబుతున్నాను, మమ్మల్ని అలా అడిగే తల్లిదండ్రులు మాకు కావాలి.